1994 మియాటాకు కొత్త స్ప్రింగులు: ఫ్యాక్టరీ ఎత్తులోనా, 30 మిల్లీమీటర్లు తగ్గించా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను మిషిగన్‌లో ఉంటాను. నా దగ్గర 1.8 లీటర్ల ఇంజిన్ ఉన్న 1994 మాజ్దా మియాటా ఉంది. మొన్న వెనుక ఎడమ చక్రం విప్పి చూస్తే స్ప్రింగ్ అడుగు చుట్టు విరిగి, ఆ ముక్క కింది గిన్నెలోనే ఇరుక్కుని కనిపించింది. చలికాలంలో రోడ్లపై చల్లే ఉప్పుకు పైపూత పొరలుగా లేచిపోయి, లోపలి ఉక్కు గుంటలు పడింది. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు కొలిస్తే ఆ మూల 338 మిల్లీమీటర్లు, కుడి వెనుక 351 వచ్చింది. నాలుగు స్ప్రింగులూ మార్చాలని నిర్ణయించుకున్నాను కానీ, ఫ్యాక్టరీ ఎత్తువే వేయాలా, కారును 30 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు వేయాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. షాక్ అబ్సార్బర్లు పాతవే. ట్రాక్‌కు వెళ్లను, వారాంతాల్లో మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని సరస్సు ఒడ్డు దారుల్లో తిరగడమే నా వాడకం.

మొదటి సమాధానం

నాలుగూ మార్చాలన్న మీ నిర్ణయం సరైనదండి. ఒకటి ఉప్పుకు విరిగిందంటే మిగిలిన మూడూ అదే ఉప్పులో నానినవే. విరిగినది మార్చే వరకు దయచేసి కారు బయటికి తీయకండి. విరిగిన కొన టైరుకు తగిలితే ప్రమాదం.

ఎత్తు కంటే ముందు స్ప్రింగ్ గట్టితనం చూడండి. తీగ మందం నాలుగో ఘాతంలో లెక్కకు వస్తుంది కాబట్టి, మిగతా కొలతలన్నీ ఒకటే అయినా 11 మిల్లీమీటర్ల తీగకు బదులు 12 మిల్లీమీటర్ల తీగ వాడితే గట్టితనం సుమారు 40 శాతం పెరుగుతుంది. ఆ గట్టితనం చక్రం దగ్గర అలాగే ఉండదు. చక్రం 10 మిల్లీమీటర్లు లేచినప్పుడు స్ప్రింగ్ 7 మిల్లీమీటర్లే నొక్కుకుంటుందనుకుంటే, 0.7 ను వర్గం చేసి గుణించాలి. అంటే ఒక మిల్లీమీటరు నొక్కడానికి 30 న్యూటన్ల బలం కావలసిన స్ప్రింగ్, చక్రం దగ్గర మిల్లీమీటరుకు 15 న్యూటన్లలోపే పనిచేస్తుంది. అందుకే వేరే కారు స్ప్రింగ్ అంకెతో దీన్ని పోల్చడం కుదరదు.

ఇక ఎత్తు. ఈ కారులో చక్రం పైకి కదలడానికి ఉన్న చోటే తక్కువ. అందులోంచి 30 మిల్లీమీటర్లు తీసేస్తే, గుంత తగిలినప్పుడు స్ప్రింగ్ పని పూర్తికాకముందే బరువంతా బంప్ స్టాప్ మీద, అంటే చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ మీద పడుతుంది. అప్పుడు కారు బిగుసుకున్నట్టు ఎగురుతుంది. చాలామంది దాన్ని స్పోర్ట్స్ కారు స్వభావమనుకుంటారు కానీ, నా దృష్టిలో అది ఆ కారు సహజ స్వభావాన్ని పోగొట్టుకోవడమే. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనొకటి, కిందొకటి చేతులతో పట్టి ఉంచే ఏర్పాటు) పెట్టి, బరువు టన్ను దరిదాపుల్లోనే ఉంచి, ఇంత చక్కగా మలుపు తిరిగేలా చేసిన కారు ఇది. మీ దారులకు ఫ్యాక్టరీ ఎత్తు, లేదా అంతకు 10, 15 మిల్లీమీటర్లు తక్కువ చాలు.

పాత స్ప్రింగును కోసి దించుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆరు పనిచేసే చుట్లలో ఒకటి కోస్తే గట్టితనం 20 శాతం పెరుగుతుంది, పైగా కోసిన కొన గిన్నెలో సరిగా కూర్చోదు.

రెండవ సమాధానం

స్ప్రింగుల గురించి పైన చెప్పినదానితో ఏకీభవిస్తాను. నేను ఒక్క విషయం చేరుస్తాను. నా కారుకు స్ప్రింగులు మార్చిన వర్క్‌షాపులో, కారు లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగానే కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని కారు చట్రానికి కలిపే చేయి) బోల్టులు బిగించేశారు. కారు కిందికి దిగగానే ఆ చేతుల కీళ్లలోని రబ్బరు బుష్‌లన్నీ మెలితిరిగిన స్థితిలో ఉండిపోయి, ముందు భాగం ఉండవలసినదానికన్నా ఎత్తుగా నిలిచింది. రెండు వారాలు స్ప్రింగులనే అనుమానించాను. ఆ బోల్టులు వదులు చేసి, కారు తన బరువు మీద నిలబడ్డాక మళ్లీ బిగిస్తే ఎత్తు సరిపోయింది. మీరు దగ్గర నిలబడి ఈ పని అలాగే చేయించండి. వీల్ అలైన్‌మెంట్ ఆ తర్వాతే.

మూడవ సమాధానం

కొద్దిగా దించడం తప్పని నేను అనను, కానీ పాత షాక్ అబ్సార్బర్ల మీద మాత్రం వద్దు. స్ప్రింగ్ గట్టిపడిన కొద్దీ అది తిరిగి విచ్చుకునే వేగాన్ని ఆపే బాధ్యత షాక్ అబ్సార్బర్‌ది. అరిగినవాటి మీద కొత్త స్ప్రింగులు వేస్తే ప్రతి గతుకు తర్వాత కారు రెండు మూడుసార్లు ఊగుతుంది. వాటి ఒంటి మీద నూనె తడి ఉందేమో ముందు చూడండి. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి, తర్వాతి తరం మియాటా పై మౌంట్లు (షాక్ అబ్సార్బర్ పై కొనను కారుకు బిగించే భాగాలు) వేసుకుంటే చక్రం కదలికకు మరికొంత చోటు దొరుకుతుంది. స్ప్రింగును నొక్కి పట్టి ఉంచే పనిముట్టు, స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా పై నట్టు మాత్రం ముట్టుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ ధన్యవాదాలు. ఇప్పుడే వెళ్లి చూశాను. వెనుక రెండు షాక్ అబ్సార్బర్లూ నూనెతో తడిగా ఉన్నాయి, ముందువి పొడిగానే ఉన్నాయి. ఫ్యాక్టరీ ఎత్తు స్ప్రింగులు నాలుగు, వాటికి సరిపడే షాక్ అబ్సార్బర్లు నాలుగు, కొత్త బంప్ స్టాపులతో కలిపి ఆర్డర్ చేస్తున్నాను. బిగించిన రోజున నాలుగు మూలల ఎత్తూ, వంద మైళ్లు నడిపాక మరోసారి కొలిచిన ఎత్తూ ఇక్కడే రాస్తాను.