చంటిపాప, పదో తరగతి అబ్బాయి, ఒకే పార్కు: బిడదియా, సింగపూరా?

మారతహళ్ళి నివాసి (శనివారం, ఉదయం 7:10)

సభ్యులకు నమస్కారం. మాది నెల్లూరు. పదకొండేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాము. మా అబ్బాయికి పదిహేనేళ్ళు. పదో తరగతి పరీక్షలు ఈ మధ్యే ముగిశాయి. పాపకు తొమ్మిది నెలలు నిండాయి. ఇద్దరికీ మధ్య అంత ఎడమేమిటని అడగదలచినవారు దయచేసి మరొక చర్చ మొదలుపెట్టుకోండి. పరీక్షలు కాగానే పెద్ద రోలర్ కోస్టర్లున్న చోటికి తీసుకువెళ్తానని రెండేళ్ళ కిందట, అంటే పాప ఊసే లేని రోజుల్లో, వాడికి మాట ఇచ్చాను. ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. మొదటిది బెంగళూరు దగ్గరి బిడదిలో ఉన్న వండర్‌లా పార్కుకు వెళ్ళి, అక్కడి రిసార్టులోనే ఒక రాత్రి ఉండి రావడం. రెండోది సింగపూరు, నాలుగు రాత్రులు ఉండి, అందులో రెండు రోజులు సెంటోసా దీవిలోని యూనివర్సల్ స్టూడియోస్‌కు కేటాయించడం. పాప మధ్యాహ్నం రెండు గంటలు చక్కగా నిద్రపోతుంది కనుక, ఆ సమయంలో అబ్బాయి స్ట్రోలర్ దగ్గర కూర్చుంటే మేమిద్దరం కూడా రెండు మూడు రైడ్లు ఎక్కి రావచ్చు. ఖర్చు సంగతి నేను చూసుకుంటాను. ఈ రెండింటిలో ఏది నయమో అనుభవజ్ఞులు చెప్పగలరు.

రెండోసారి అమ్మ (శనివారం, ఉదయం 8:25)

మా పెద్దవాడికి పధ్నాలుగు, చిన్నదానికి ఏడాదిన్నర. కనుక నాకు తెలిసినది రాస్తున్నాను. టికెట్ విషయంలో పాప వల్ల మీకు భారమేమీ ఉండదు. బిడదిలో 85 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు ప్రవేశం ఉచితం. తొమ్మిది నెలల పాప 70 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. సింగపూరులో నాలుగేళ్ళ లోపు వారికి టికెట్ అక్కర్లేదు. అయితే విమానంలో ఒడిలో కూర్చునే పాపకైనా సొంత పాస్‌పోర్టు, సొంత వీసా ఉండితీరాలి. పాస్‌పోర్టు కోసం ఫోటో తీయించడానికి మేము పడ్డ పాట్లు ఇప్పటికీ మరచిపోలేదు: తెల్లదుప్పటి మీద పడుకోబెడితే కళ్ళు మూసుకునేది, లేపితే ఏడ్చేది.

సింగపూరులో ఉన్న అసలైన సౌకర్యం చైల్డ్ స్వాప్. కుటుంబమంతా కలిసి క్యూలో వెళ్తారు. ఒకరు పాపతో ఆగిపోతే మిగిలినవారు రైడ్ ఎక్కి వస్తారు. తరువాత ఆగినవారు మళ్ళీ మొదటి నుంచి క్యూలో నిలబడకుండానే ఎక్కుతారు. ఇది ఉన్న రైడ్లు ఏవో లోపలికి వెళ్ళగానే సిబ్బందిని అడగండి. ఇలాంటి ఏర్పాటు లేని చోట భార్యాభర్తలు ఒకే రైడ్ కోసం రెండు క్యూలు మొయ్యవలసిందే. ఒక్క మాట అడుగుతాను: మీ ఆవిడ ఏమంటున్నారు?

తట్టె ఇడ్లీ (శనివారం, ఉదయం 8:40)

బిడదికి వెళ్ళి తట్టె ఇడ్లీ తినకుండా తిరిగి వస్తే ఆ ప్రయాణం లెక్కలోకి రాదు. మిగతా విషయాలు పెద్దలు చెబుతారు.

కోలారు దారి (శనివారం, ఉదయం 9:15)

బిడదియా సింగపూరా అన్నది తరువాతి సంగతి. మొదట స్ట్రోలర్ అనే ఆలోచన మానుకోండి. స్ట్రోలర్ పాప కోసం కాదు, సంచులు తగిలించుకోవడానికి. నేను ముగ్గురు పిల్లలను పెంచి చెబుతున్న మాట ఇది. మెట్లు వచ్చిన చోటల్లా దాన్ని ఇద్దరు ఎత్తాలి. నీటి రైడ్ల వైపు నేలంతా తడిగా ఉంటుంది. పాప పది నిమిషాలు అందులో కూర్చుని, తరువాత చంక ఎక్కి దిగదు. అప్పుడు ఒక చేత్తో పాపను, మరొక చేత్తో ఖాళీ బండిని తోసుకుంటూ తిరగాలి. గుండెకు కట్టుకునే బేబీ క్యారియర్ ఒకటి కొనుక్కోండి, ఇద్దరూ వంతులు వేసుకోండి.

వార్డు అమ్మమ్మ (శనివారం, ఉదయం 10:02)

నేను పిల్లల వార్డులో నర్సుగా పనిచేసి విరమించినదాన్ని. తొమ్మిది నెలలు నిండగానే ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా) టీకా మొదటి డోసు వేయించాలి. అది కాకుండా ఎక్కడికీ కదలవద్దు. వేసిన తరువాత కొన్ని రోజులకు కొందరికి కాస్త జ్వరం, దద్దుర్లు రావచ్చు కనుక ప్రయాణం ఆ రోజులకు తగలకుండా చూసుకోండి. విమానం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పాలు పట్టండి. గుటక వేస్తుంటే చెవుల్లో ఒత్తిడి సర్దుకుంటుంది. సింగపూరు గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి పాప నిద్రవేళలు తారుమారై, మీరు నమ్ముకున్న ఆ మధ్యాహ్నపు రెండు గంటలు దొరకకపోవచ్చు.

ఇంతకంటే సులువైన మార్గం ఉంది. పాపను అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఒక్క రోజు ఉంచి, మీరు అబ్బాయితో బిడది వెళ్ళి రండి. రోలర్ కోస్టరు కింద చంటిపిల్లకు ఏం పని?

మారతహళ్ళి నివాసి (శనివారం, మధ్యాహ్నం 1:30)

అందరికీ కృతజ్ఞతలు. టీకా సంగతి సోమవారమే చూస్తాను. పాప ఇంకా తల్లిపాలు తాగుతోంది. నెల్లూరులో వదలడం కుదరదు. కోలారు దారి గారూ, మా స్ట్రోలర్ మడిస్తే విమానంలో తల మీది అరలో పడుతుంది. మా ఆవిడ తనకు ఎక్కడైనా ఫరవాలేదని అన్నది.

కోలారు దారి (శనివారం, మధ్యాహ్నం 1:52)

మడవడం వేరు, మోయడం వేరు. మడిచిన స్ట్రోలర్ కూడా మీ భుజం మీదే ఉంటుంది కదా. ఈ తేడా గ్రహించకపోవడం వల్లే జనం పార్కు ద్వారం దగ్గర చెమటలు కక్కుతుంటారు. దాని చక్రాలు చిన్నవా, పెద్దవా?

ఇంటి పెద్దకూతురు (శనివారం, సాయంత్రం 6:20)

ఉదయం నుంచి ఈ చర్చ చదువుతున్నాను. టీకా గురించి, చక్రాల గురించి ఇన్ని మాటలు వచ్చాయి కానీ, మొదటి ఉత్తరంలోని ఒక వాక్యం ఎవరి కంటా పడలేదు. “అబ్బాయి స్ట్రోలర్ దగ్గర కూర్చుంటే మేమిద్దరం కూడా రెండు మూడు రైడ్లు ఎక్కి రావచ్చు.” పరీక్షలు రాసినది అబ్బాయి, మాట పుచ్చుకున్నది అబ్బాయి, బెంచీ మీద కాపలా కూర్చునేదీ అబ్బాయే!

నాకు పదమూడేళ్ళప్పుడు తమ్ముడు పుట్టాడు. వాడికి ఏడాది నిండే లోపే మమ్మల్ని ఒక నీటి పార్కుకు తీసుకువెళ్ళారు. ఆ పార్కు పేరు అనవసరం. మా ఇంట్లో ఆ రోజు ఫోటోలు పదకొండున్నాయి. తొమ్మిదింటిలో తమ్ముడు నా చంకలోనే ఉన్నాడు. నా ముంజేతికి లాకరు తాళంచెవి వేలాడే నీలం రబ్బరు పట్టీ ఉంది. మామూలు డైపరుతోనే వాణ్ణి చిన్న కొలనులో దింపారు. అది నీళ్ళు పీల్చుకుని రాగిముద్దంత లావై, వాడి మోకాళ్ళ దాకా జారింది. దాన్ని ఎక్కడ పారవెయ్యాలో తెలియక, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, నేను చేత్తో పట్టుకుని నిలబడ్డాను. మా అమ్మానాన్నలు అలల కొలను నుంచి నాకు చెయ్యి ఊపుతున్నారు. అంతా అయ్యాక “భలే సరదాగా గడిచింది కదే” అన్నారు. నేను ఆ రోజు ఒక్క రైడూ ఎక్కలేదు.

రెండోసారి అమ్మ (శనివారం, సాయంత్రం 6:48)

ఈత కోసం వేరే డైపర్లు దొరుకుతాయి. అవి నీటిలో ఉబ్బవు. మీ కథ ముందు ఈ సలహా చిన్నదే అయినా, కొత్తవాళ్ళకు పనికివస్తుందని చెబుతున్నాను.

మారతహళ్ళి నివాసి (శనివారం, రాత్రి 9:05)

పెద్దకూతురు గారూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ మీ ఇంట్లో జరిగినదానికి మా ఇంట్లో శిక్ష వేయకండి. రోజంతా పన్నెండు గంటల్లో రెండు గంటలు నిద్రపోతున్న చెల్లెలి పక్కన కూర్చోమనడం వెట్టిచాకిరీ అవుతుందా? వాడికి చెల్లెలంటే ప్రాణం. కుటుంబం అన్నాక ఒకరికొకరు ఆసరా కాకపోతే ఎలా? అయినా నేను బిడదియా సింగపూరా అని అడిగాను. పిల్లల పెంపకం మీద తీర్పు అడగలేదు.

వార్డు అమ్మమ్మ (శనివారం, రాత్రి 9:30)

నివాసి గారితో నేను ఏకీభవిస్తున్నాను. మా రోజుల్లో ప్రతి ఇంటా పెద్దపిల్లలే చంటివాళ్ళను మోశారు. ఎవరూ అరిగిపోలేదు.

ఇంటి పెద్దకూతురు (శనివారం, రాత్రి 9:44)

మోశారు, అమ్మమ్మ గారూ, కాదనను. కానీ దానికి “నీ పరీక్షల కానుక” అని ఎవరూ పేరు పెట్టలేదు. నివాసి గారూ, ప్రాణమని మీరంటున్నారు. ఆ కాపలా సంగతి వాణ్ణి అడిగారా?

మారతహళ్ళి నివాసి (శనివారం, రాత్రి 9:51)

ప్రతిదీ పిల్లలను అడిగి చేసే ఇల్లు మాది కాదు.

తట్టె ఇడ్లీ (శనివారం, రాత్రి 9:55)

అందరూ ఒకసారి మంచినీళ్ళు తాగండి.

కోలారు దారి (శనివారం, రాత్రి 10:10)

చక్రాల గురించి నేనడిగిన ప్రశ్నకు ఇంకా సమాధానం రాలేదు.

రెండోసారి అమ్మ (శనివారం, రాత్రి 10:35)

నివాసి గారూ, కోపం తెచ్చుకోకుండా మీ లెక్క మీరే ఒకసారి చూసుకోండి. అబ్బాయి పాప దగ్గర కూర్చుంటే మీరూ మీ ఆవిడా ఎక్కుతారు. మీ ఆవిడ పాప దగ్గర కూర్చుంటే మీరూ అబ్బాయీ ఎక్కుతారు. రెండు లెక్కల్లోనూ తప్పకుండా రైడ్ ఎక్కే మనిషి ఒక్కరే ఉన్నారు. “ఎక్కడైనా ఫరవాలేదు” అని తొమ్మిది నెలల పాప తల్లి అన్నదంటే, దాని అర్థం నాకు బాగా తెలుసు: ఎక్కడైనా కూర్చోవలసింది నేనే కదా అని.

మారతహళ్ళి నివాసి (శనివారం, రాత్రి 11:58)

సమాధానం రాయకుండా పడుకుందామనుకున్నాను, కుదరలేదు. మా ఆవిడను మళ్ళీ అడిగాను. తనకు రైడ్లు అసలు ఇష్టం లేదట. ఎవరూ పిలవకుండా ఒక గదిలో నాలుగు గంటలు పడుకోవాలని ఉందట. పదహారేళ్ళ కాపురంలో ఈ సంగతి నాకు తెలియదు. రైడ్లు ఎక్కాలన్న కోరిక నాదేనని ఒప్పుకుంటున్నాను. ఏడాదిగా వాడు తన గది తలుపు వేసుకునే ఉంటున్నాడు. తలుపు అవసరం లేని చోట వాడి పక్క సీట్లో కూర్చోవచ్చునని ఆశపడ్డాను. సింగపూరులోని గెలాక్టికా కోస్టరుకు రెండు పట్టాలుంటాయి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. చెరొక దానిలో కూర్చుని ఎదురెదురుగా దూసుకువెళ్ళాలని వాడికి ఏడేళ్ళున్నప్పుడు ఇద్దరం అనుకున్నాము. దానికి 125 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. అప్పట్లో గోడకు గీత గీసి కొలుచుకునేవాడు. ఇప్పుడు నా కంటే రెండు అంగుళాలు పొడుగు.

ఇంటి పెద్దకూతురు (ఆదివారం, ఉదయం 7:40)

రాత్రి కటువుగా రాశాను, మన్నించండి. వాక్యం మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.

వార్డు అమ్మమ్మ (ఆదివారం, ఉదయం 8:15)

అడగవలసినది ఆవిడను అడిగారు. అబ్బాయి మిగిలాడు.

మారతహళ్ళి నివాసి (ఆదివారం, సాయంత్రం 5:20)

అడిగాను. వాడి సమాధానం మీరెవరూ ఊహించినది కాదు, నేనూ ఊహించలేదు. తన తరగతి స్నేహితులు ఇద్దరితో కలిసి బిడది వెళ్ళాలని మార్చి నుంచే అనుకుంటున్నాడట. మెట్రో పర్పుల్ లైను 2023 అక్టోబరు నుంచి వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా నేరుగా నడుస్తోందనీ, అక్కడి నుంచి బస్సో ఆటోనో చూసుకుంటామనీ చెప్పాడు. వేసవిలో పదో తరగతి హాల్ టికెట్ చూపితే రాయితీ ఇస్తారనీ, నీటి రైడ్లకు నూలు బట్టలు ఒప్పుకోరు కనుక నైలాన్ నిక్కర్లు కావాలనీ అన్నీ కనుక్కుని ఉన్నాడు. నాకు చెప్పకపోవడానికి కారణం, నేను సింగపూరు గురించి అంత ఉత్సాహంగా మాట్లాడుతుంటే కాదనలేకపోవడమట. సింగపూరు వచ్చే ఏడాది వెళ్దామన్నాడు. పాప గురించి అడిగితే, “చూస్తాను కానీ పార్కులో కాదు, ఇంట్లో” అన్నాడు.

అందుచేత ఇప్పటికి బిడది ఖాయమైంది. రిసార్టులో గది తీసుకుంటాము. మా ఆవిడ నిద్రపోతుంది, పాపను నేను చూసుకుంటాను, ముగ్గురు పిల్లలు పార్కులో తిరుగుతారు. నేను ఒక్కసారి లోపలికి వెళ్ళవచ్చునా అని వాడిని అడిగాను, ఆలోచించి చెబుతానన్నాడు.

వార్డు అమ్మమ్మ (ఆదివారం, సాయంత్రం 5:45)

పదిహేనేళ్ళ పిల్లలు ముగ్గురు పెద్ద దిక్కు లేకుండా రోజంతా నీళ్ళలో తిరగడమా? ఇది నాకు అసలు నచ్చలేదు.

ఇంటి పెద్దకూతురు (ఆదివారం, సాయంత్రం 5:50)

చెల్లెలికి కాపలా ఉండేంత పెద్దవాడైనప్పుడు, తన కాపలా తాను ఉండలేడా?

మారతహళ్ళి నివాసి (ఆదివారం, సాయంత్రం 6:30)

ఆ వయసువారిని పెద్దలు లేకుండా లోపలికి రానిస్తారో లేదో రేపు పార్కుకు ఫోను చేసి కనుక్కుంటాను. మిగతా ఇద్దరు పిల్లల తల్లిదండ్రులతోనూ మాట్లాడాలి. అందులో ఒకరు మాకు పరిచయం లేరు. కోలారు దారి గారూ, చక్రాలు చిన్నవే. స్ట్రోలర్ తీసుకువెళ్ళడం లేదు.

కోలారు దారి (ఆదివారం, సాయంత్రం 6:34)

మరి బేబీ క్యారియర్ కొన్నారా?