ఎడిటర్ సంతకం లేని ఎంట్రీని అవార్డుకు తీసుకోవాలా, వద్దా?

పెన్నా ఒడ్డు, అనంతపురం

చాలా ఏళ్లు ఒక పత్రిక జిల్లా డెస్కులో, అంటే విలేకరులు పంపిన వార్తలు దిద్దే చోట, సబ్ ఎడిటర్‌గా పనిచేసి బయటికి వచ్చాను. మా జిల్లాలో ఒక సంస్థ గ్రామీణ విలేకరులకు అవార్డు ఇస్తుంది, పోయిన సంవత్సరం దానికి ముగ్గురు జ్యూరీ సభ్యుల్లో నేనూ ఒకడిని. సంస్థ పేరు చెప్పను. వాళ్లు మంచి ఉద్దేశంతోనే చేస్తున్నారు. కానీ ఆ రోజు జరిగింది నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రాయదుర్గం వైపు ఒక మండలం నుంచి ఒక ఎంట్రీ వచ్చింది. సబ్సిడీ వేరుశనగ విత్తనకాయల పంపిణీ మీద నాలుగు వార్తలు. ఆ అబ్బాయి పంపిణీ జాబితా సంపాదించి, అందులో పేర్లున్న రైతుల ఇళ్లకు ఒక్కొక్కటిగా తిరిగాడు. కొందరు చనిపోయి ఏళ్లు దాటింది, కొందరు బెంగళూరుకు వలసపోయి ఇంటికి తాళం వేసి ఉంది, వాళ్ల పేర్ల మీద మూటలు మాత్రం వెళ్లిపోయాయి. మొదటి వార్త జిల్లా పేజీలో ఓ మూలన సింగిల్ కాలమ్. నాలుగోది వచ్చేసరికి అధికారులు విచారణకు దిగారు. ఏ రోజు ఏ ఇంటికి వెళ్లాడో, ఎవరు ఏమన్నారో రాసుకున్న నోట్‌బుక్ జిరాక్సులు కూడా జతచేశాడు. వాన పడి, విత్తనం చేతికి రాక పదును ఆరిపోతుంటే రైతు ఎట్లా ఉంటాడో అనంతపురం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఆ ఎంట్రీని చదవకముందే పక్కన పెట్టారు. ఎందుకంటే 'ఈ వార్త ఫలానా వారు రాసిందే' అని ఎడిటర్ గానీ బ్యూరో ఇన్‌ఛార్జి గానీ లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టి ఇవ్వాలన్నది నిబంధన. అతను కంట్రిబ్యూటర్, అంటే ఉద్యోగి కాకుండా బయటి నుంచి వార్తలు పంపేవాడు. వార్త మీద బైలైన్, అంటే రాసినవాడి పేరు, లేదు, మండలం పేరే ఉంది. ఆఫీసు లెటర్ ఇవ్వనంది. ఎందుకివ్వదో నాకు బాగా తెలుసు. లెటర్ ఇస్తే 'ఇతను మా ఉద్యోగి' అని మనమే రాసిచ్చినట్టు అవుతుందని పైనుంచి చెబుతారు, నేను డెస్కులో ఉన్న రోజుల్లో అలా రెండు లెటర్లు ఆపాను కూడా. అది తప్పు.

అవార్డు ఒక ఆదివారం ప్రత్యేక కథనానికి వెళ్లింది. బాగానే రాశారు, కాదనను. కానీ దాని కోసం ఎవరూ ఎండలో ఇళ్లు తిరగలేదు.

నా మాట సూటిగా చెబుతున్నా. ఎడిటర్ సంతకం తప్పనిసరి అన్న నిబంధన తీసేయాలి. వార్త కోసం ఏం చేశాడో విలేకరే రుజువులు పెట్టాలి, వాటిని జ్యూరీయే సరిచూసుకోవాలి. మీరేమంటారు?

కర్నూలు డెస్క్

సార్, మీ బాధ నిజమైందే. కానీ నేను ఒప్పుకోను.

మూడేళ్ల కిందట మా వైపు ఒక పోటీకి ఒకే క్లిప్పింగును ఇద్దరు పంపారు. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు కదా, దాని మీద కథనం. ఒకరు పొలాల్లో తిరిగి కూలీలతో మాట్లాడి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. ఇంకొకరు వ్యాపారుల దగ్గరికి వెళ్లి రేట్లు, దళారుల సంగతి పట్టుకొచ్చారు. రెండూ కలిపి రాసింది డెస్కులో కూర్చున్న మనిషి, ఆ మనిషి పేరు ఎక్కడా లేదు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఎవరు ఎంత చేశారో చెప్పగలిగింది మాత్రం డెస్క్ ఒక్కటే. ఆ సంతకం కూడా వద్దంటే జ్యూరీ దేన్ని పట్టుకుని తేలుస్తుంది?

ఇంకో మాట. ఇప్పుడు బండి మీద ప్రెస్ స్టిక్కర్, చేతిలో లోగో మైకు ఉంటే చాలు విలేకరే. రాసినదానికి ఎవరు జవాబుదారీ అని అడిగితే ఒక పేరు ఉండాలి. రేపు అవార్డు ఇచ్చాక ఆ వార్త తప్పని తేలితే షీల్డు ఇచ్చిన సంస్థ పరువు కూడా పోతుంది. సంతకం అంటే పెత్తనం అని మీరు అంటున్నారు, నేను బాధ్యత అంటున్నాను.

చెయ్యేరు గట్టు

నేను కంట్రిబ్యూటర్‌ని. జిరాక్స్ షాపు నడుపుతూ వార్తలు పంపుతాను. లైన్ అకౌంట్ కింద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన, వచ్చే డబ్బులు పెట్రోలుకు కూడా చాలవు, ఇది ఇక్కడ అందరికీ తెలుసు.

2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. అప్పటి కడప జిల్లా, రాజంపేట మండలం. పులపుత్తూరు, మందపల్లి వైపు నీళ్లు తగ్గక ముందే వెళ్లాను, కొంత దూరం బండి మీద, కొంత దూరం బురదలో నడిచి. మనుషులు లేరు, పశువులు లేవు, ఇళ్లున్నచోట ఇసుక మేట వేసి ఉంది. ఎవరెవరు కొట్టుకుపోయారో బంధువుల నోట విని పేర్లు రాసుకున్నాను. రాసుకునేటప్పుడు చేయి వణికింది. రెండు రోజుల తర్వాత పెద్దవాళ్లు కార్లో వచ్చారు, నా పేర్ల జాబితా తీసుకున్నారు, బైలైన్ వాళ్లది. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లూ కష్టపడ్డారు. కానీ అవార్డుకు పంపుదామని లెటర్ అడగడానికి ఆఫీసుకు వెళితే, మొదట వచ్చిన మాట ఏమిటో తెలుసా అన్నా? 'నువ్వు తేవాల్సిన యాడ్స్ టార్గెట్ ఎంతవరకు వచ్చింది?'

కర్నూలు అన్నా, బాధ్యత అన్నారు మీరు. వార్త తప్పైతే ఊళ్లో నా కాలర్ పట్టుకుంటారు, ఎడిటర్‌ది కాదు. బాధ్యత మొత్తం నాది, సంతకం మాత్రం ఆయనదా?

1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం కూడా జర్నలిజమే ప్రధాన వృత్తిగా ఉన్నవాళ్లను జర్నలిస్టు అంది. షాపు మూసేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు, తెరిస్తే నేను జర్నలిస్టును కాను.

ప్రొద్దుటూరు పాఠకురాలు

నేను పత్రికలో పనిచేయను, బడిలో పాఠాలు చెబుతాను. మీ చర్చ చదువుతుంటే ఒక అనుమానం వచ్చింది. అవార్డుకు విలేకరి తన వార్త తానే ఎందుకు పంపుకోవాలి? నేను మంచి వార్తలు కత్తిరించి దాచుకుంటాను, మా పిల్లలకు చదివి వినిపిస్తాను. ఎవరు రాశారో వాటి మీద ఉండదు. పాఠకులు 'ఈ వార్త వల్ల మా ఊళ్లో ఇది మారింది' అని పంపే వీలు ఉంటే, పైరవీ తెలియనివాళ్ల పని కూడా మీ దగ్గరికి వస్తుంది కదా. మండలాల్లో రాస్తున్న ఆడవాళ్లు చాలా తక్కువ, వాళ్లు ఆఫీసుకు వెళ్లి లెటర్ అడగడం ఇంకా కష్టం.

కర్నూలు డెస్క్

మేడమ్, పాఠకులు పంపడం మంచిదే, కానీ అది ఓట్ల లెక్కకు పోకూడదు. ఒకసారి వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లిందంటే పార్టీ, కులం రెండూ దిగుతాయి. సూచన వరకు సరే, తీర్పు కాదు.

చెయ్యేరు గట్టు తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. దానికి నా దగ్గర జవాబు లేదు.

పెన్నా ఒడ్డు, అనంతపురం

ప్రధాన వృత్తి సంగతి ముందు చెబుతాను. 1893లో గుంతకల్లు దగ్గర రైల్వే గేట్‌మన్ హంపన్న, ఇద్దరు ఆడవాళ్లను కాపాడబోయి తెల్ల సైనికుడి తుపాకీకి బలయ్యాడు. ఆ విషయం హిందూ పత్రికకు ఎక్కించింది గుత్తి కేశవ పిళ్లె. ఆయన వృత్తి వకీలు, గుత్తి నుంచి పత్రికకు వార్తలు పంపేవాడు. ఇప్పటి లెక్కన ఆయన కూడా కంట్రిబ్యూటరే. మన సీమలో వార్త పుట్టిందే ఇంకో పని చేసుకుంటూ రాసినవాళ్ల చేతుల్లో. వాళ్లను గుమ్మం దగ్గరే ఆపే నిబంధనతో గ్రామీణ జర్నలిజం అవార్డు అని పేరు పెట్టుకోవడం నాకు న్యాయంగా కనిపించడం లేదు.

ఇక సంతకం ఉంటే మోసం జరగదన్న నమ్మకం గురించి. 1981లో అమెరికాలో జర్నలిజానికి ఇచ్చే పెద్ద బహుమతి పులిట్జర్ వాషింగ్టన్ పోస్ట్ విలేకరి జానెట్ కుక్‌కు వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లాడు హెరాయిన్‌కు బానిసయ్యాడని కథనం. అలాంటి పిల్లాడే లేడని తేలి రెండు రోజులకే బహుమతి వెనక్కి ఇచ్చేశారు. ఆ ఎంట్రీ ఎవరి సంతకమూ లేకుండా రాలేదు, పత్రికే పంపింది. అప్పుడు ఆ విభాగం చూస్తున్నది వాటర్‌గేట్ కుంభకోణం బయటపెట్టిన ఇద్దరు విలేకరుల్లో ఒకరైన బాబ్ వుడ్‌వర్డ్. అంతకన్నా పెద్ద సంతకం ఎవరిది ఉంటుంది? మోసం ఎలా బయటపడిందంటే, బహుమతి ప్రకటించాక ఆమె చదువు వివరాలు అచ్చయ్యాయి, ఆమె అంతకుముందు పనిచేసిన పత్రికవాళ్లు 'ఇవి మాకు తెలిసిన వివరాలు కావే' అని గుర్తుపట్టారు. అంటే ఎవరో ఒకరు సరిచూశారు. పైగా ఆ ఎంట్రీ మొదట స్థానిక వార్తల విభాగంలో ఉంటే బోర్డు దాన్ని ఫీచర్ విభాగానికి మార్చింది, ఫీచర్ జ్యూరీ దాన్ని చదవనే లేదు. 2018లో జర్మనీలో డెర్ స్పీగెల్ విలేకరి క్లాస్ రెలోటియస్ సంగతీ అంతే. బోలెడు అవార్డులు తీసుకున్నాడు, కథల్లో చాలా భాగం కల్పితం. పట్టుకున్నది ఏ జ్యూరీ కాదు, అతనితో కలిసి పనిచేసిన హువాన్ మొరేనో. సొంతంగా అక్కడికి వెళ్లి ఆ మనుషులతో మాట్లాడి తేల్చాడు.

అందుకే నేను అడుగుతున్నది, సంతకం బదులు ఫోన్లు. మేము ఆ రోజు ఎలా కూర్చున్నామో చెబుతాను. మధ్యాహ్నం భోజనం చేసి రెండింటికి మొదలుపెట్టాం, ఆరింటికి ఫలితం చెప్పాలి, ఎందుకంటే శాలువాలకు, మెమెంటోలకు పేర్లు అచ్చుకు వెళ్లాలి. అట్టపెట్టె నిండా ఫైళ్లు. హెడ్డింగు, ఫొటోలు, ఎన్ని కాలమ్‌లు, ఇవే కంటికి కనిపిస్తాయి. అంటే మేము మార్కులు వేసింది విలేకరికి కాదు, పేజీ పెట్టినవాడికి. ఒక సభ్యుడు ఇంకా ఒక పత్రికకు రాస్తున్నారు, ఆ పత్రిక ఎంట్రీలకు కూడా ఆయనే మార్కులు వేశారు, నేను అడ్డు చెప్పలేదు. చెప్పాల్సింది. పులిట్జర్ బోర్డులో తమ సంస్థ ఎంట్రీ చర్చకు వస్తే ఆ సభ్యుడు గదిలోంచి బయటికి వెళ్లిపోతాడు. మన దగ్గర దానికి డబ్బేమీ ఖర్చు కాదు, కుర్చీలోంచి లేవాలి అంతే.

కర్నూలు ఎంట్రీలు కడప వాళ్లు, కడపవి అనంతపురం వాళ్లు చూస్తే మొహమాటం సగం తగ్గుతుంది. మొదటి విడతలో పది ఏరుకోవాలి. ఆ పదింటికి వారం రోజులు తీసుకుని, వార్తలో ఉన్న మనుషులకు జ్యూరీ ఫోన్ చేయాలి. అతను నిజంగా మీ ఇంటికి వచ్చాడా, మీరు చెప్పిందే రాశాడా? రెండు ప్రశ్నలు చాలు.

అనంత స్టాఫర్

ఇదంతా సరే, అసలు డబ్బు ఎవరిది? స్టేజీ మీద కాంట్రాక్టరో నాయకుడో కూర్చుంటే జ్యూరీ ఎంత శుభ్రంగా ఉన్నా ఏం లాభం? అనంతపురం రైతుల చావుల గురించి దేశానికి చెప్పిన పి. సాయినాథ్‌కు 2021లో మన రాష్ట్ర ప్రభుత్వం వైఎస్సార్ పేరు మీద జీవన సాఫల్య పురస్కారం ప్రకటిస్తే వద్దన్నారు. తాను ఎవరి గురించి రాయాలో ఆ ప్రభుత్వం నుంచి విలేకరి అవార్డు తీసుకోకూడదని, విలేకరి ప్రభుత్వానికి బయటి ఆడిటర్ లాంటివాడని ఆయన చెప్పిన కారణం. నాకు అదే సరైనది అనిపిస్తుంది. అవార్డులే వద్దు, ఆ డబ్బుతో కంట్రిబ్యూటర్లకు ఇన్సూరెన్స్ కట్టండి.

చెయ్యేరు గట్టు

అన్నా, సాయినాథ్ గారు వద్దంటే దేశమంతా విన్నది. నేను వద్దంటే ఎవరికీ తెలియదు. నాకు షీల్డు అక్కర్లేదు, కానీ నేను రాసింది నేనే రాశానని ఒక కాగితం మీద ఉండాలి. మా నాన్నకు చూపించడానికైనా.

పెన్నా సార్, ఒక్కటి అడుగుతా. జ్యూరీ ఫోన్లు చేస్తుంది అన్నారు. ఆఫీసుకు మాత్రం చేయొద్దు. లెటర్ లేకుండా ఎంట్రీ పంపానని తెలిస్తే నా లాగిన్ తీసేస్తారు.

కర్నూలు డెస్క్

అక్కడే నాకు ఇంకో భయం ఉంది. నోట్‌బుక్ జిరాక్సులు పంపమంటున్నారు సార్. విత్తనకాయల జాబితా ఆ అబ్బాయి చేతికి ఎవరో ఇచ్చారు కదా, ఏ చిన్న ఉద్యోగో. ఆ పేరు నోట్‌బుక్‌లో ఉండి, ఆ ఫైలు సంస్థ ఆఫీసులో బల్ల మీద పడి ఉంటే? జిల్లా చిన్నది, అందరూ అందరికీ తెలుసు. అవార్డు కోసం వార్త ఇచ్చిన మనిషి ఉద్యోగం పోగొట్టకూడదు.

సంతకం విషయంలో ఒక మెట్టు దిగుతాను. తప్పనిసరి అని కాకుండా, ఉంటే పెట్టండి అనొచ్చు. లేనివాళ్లకు ఊళ్లో ఇద్దరు సాక్షులు. కానీ డెస్కులో రాసినవాళ్ల పేరుకు కూడా ఎంట్రీలో ఒక గడి ఉండాలి, దీని దగ్గర మాత్రం నేను కదలను.

పెన్నా ఒడ్డు, అనంతపురం

డెస్క్ గడికి నేను సిద్ధం. ఆఫీసుకు ఫోన్ చేయకూడదన్నది కూడా రాసుకున్నాను.

నోట్‌బుక్ సంగతి మాత్రం నాకు తట్టనే లేదు. మీరన్నది చదివాక లేచి నా కాగితాలు వెతికాను, ఆ ఫైలు నా దగ్గర లేదు, సంస్థ ఆఫీసులోనే ఉండిపోయింది. వెంటనే ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. జాబితా ఇచ్చినవాళ్ల పేరు అందులో ఉందా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'రెండో పేజీలో పైన ఉంది సార్' అన్నాడు.

రేపు పొద్దున వాళ్ల ఆఫీసు తెరిచే సమయానికి అక్కడ ఉంటాను. ఫైలు తెచ్చి నా చేత్తో అతనికి ఇచ్చాక ఇక్కడ రాస్తాను.