అప్‌డేట్: కోపెన్‌హాగన్‌లో నా సెమిస్టర్

ఒక సెమిస్టర్‌కి కోపెన్‌హాగన్ వెళ్తున్నా, చలికి తట్టుకోగలనా అని ఆగస్టులో అడిగాను కదా. చలి కాదు, చీకటే ఏడిపించింది. డిసెంబర్‌లో మూడున్నర దాటగానే పొద్దు గుంకేది. మీరన్నట్టే పాత సైకిల్ కొన్నాను, ముందూ వెనకా లైట్లతో సహా. ఎదురుగాలిలో తొక్కడం మాత్రం నరకం.

ఖాళీ సీసాలు సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేస్తే డిపాజిట్ వెనక్కొస్తుంది. లీటరు సీసాకి 3 క్రోనర్లు. నెలాఖరులో కూరగాయలు వాటితోనే!

ఇక మార్కులు. అక్కడ టాప్ గ్రేడు 12, అడుగున -3. నాకు 7 వచ్చిందంటే అమ్మ "పదికా?" అంది. "పన్నెండుకి" అన్నాను. ఫోన్‌లో కాసేపు మాటల్లేవు.