ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా: రోజూ అరగంట తెలుగు చదివించడం అలవాటా, బలవంతమా?

పర్లాకిమిడి నాన్న
మా బాబు ఐదో తరగతి. ఒడియా గడగడా చదువుతాడు. తెలుగు మాట్లాడతాడు గాని చదవడం అంతంతమాత్రం, అక్షరాలు మాత్రం నేర్పాను. రాత్రి అన్నానికి ముందు అరగంట తెలుగు పుస్తకం చదవాలని నియమం పెట్టి మూడు వారాలైంది. వాడు పుస్తకం పట్టుకుని గోడ గడియారం చూస్తుంటాడు. "చదవడం అలవాటు కావాలంటే వచ్చిన భాషలో చదవనివ్వండి" అంటుంది మా ఆవిడ. "తెలుగు రాకపోతే రేపు చుట్టాల శుభలేఖ కూడా ఎవరో చదివి పెట్టాలి" అంటుంది మా అమ్మ. మీరేమంటారు?

గుణుపురం మాస్టారు
బాబూ, నేను మీ ఆవిడ పక్షం. ఒడియా గడగడా చదువుతున్నాడంటే చదవడమనే విద్య వాడికి వచ్చేసింది. తెలియని మాటను పక్క మాటలతో పట్టుకోవడం, కథ ఎటు పోతుందో ఊహించడం ఒక భాషలో వస్తే రెండో భాషకూ తోడొస్తాయి. కెనడాలో జిమ్ కమిన్స్ అనే పండితుడు 1979లోనే ఈ మాట చెప్పారు. పైగా మన రెండు వర్ణమాలల వరసా దాదాపు ఒకటే. చిక్కల్లా ఉచ్చారణలో. నా దగ్గర చదివిన పిల్లలు "కమల"ను "కొమొలొ" అనేవారు, ఒడియాలో అకారం అలాగే పలుకుతుంది మరి. ఎ-ఏ, ఒ-ఓ అని వేరువేరు అక్షరాలు ఆ లిపిలో లేవు. వాడు అక్కడ తడబడితే బద్ధకం అనుకోకండి. తప్పు దొర్లిన ప్రతిసారీ ఆపి దిద్దకండి కూడా.

బరంపురం కోడలు
మాస్టారూ, పెద్దవారు, కాదనకూడదు గాని, "ఏ భాషైతేనేం" అనే ఇక్కడిదాకా వచ్చాం. మా మామగారు పోయాక బీరువా తీస్తే పొలం లెక్కలు, అప్పు కాగితాలు, ఉత్తరాలు అన్నీ తెలుగులో ఉన్నాయి. ముగ్గురు కొడుకులు, ముగ్గురూ డిగ్రీలు చదివినవాళ్లే. ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. విశాఖ నుంచి కాపురానికి వచ్చిన నేను కూర్చుని చదివి వినిపించాను. ఒక ఉత్తరంలో మా ఆయన పుట్టినప్పటి సంగతి ఉంది, నలభై ఏళ్ల తర్వాత నా నోట విన్నారాయన. మా పాపకు నేను బలవంతంగానే నేర్పాను. స్నానం కూడా మొదట్లో బలవంతమే కదా!

రాయగడ మందుల షాపు
అన్నా, ఒక్క ప్రశ్న. ఆ అరగంటా మీరేం చేస్తుంటారు?

పర్లాకిమిడి నాన్న
పక్కనే ఉంటాను తమ్ముడూ. ఫోన్ చూసుకుంటూ.

రాయగడ మందుల షాపు
మరింకేం! ఇంకో మాట, మూడు వారాలకే టెన్షన్ పడకండి. 21 రోజుల్లో అలవాటు పడుతుందని అందరూ అంటారు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం మనుషుల్ని పెట్టి చూస్తే సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 అయితే కొందరికి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా కొంప మునగలేదట. నేను షాపు కట్టేసి వచ్చి నాలుగు పేజీలు చదువుతాను. చీటీల మీద గీతలు చదివీ చదివీ అలసిన కళ్లకు అచ్చు అక్షరం హాయి.

జయపురం విద్యార్థి
ఫోన్‌లో చదివితే చదువు కాదా? 2018లో 54 అధ్యయనాలను కలిపి చూశారు. విషయం తెలుసుకునే చదువులో కాగితానిదే పైచేయి, కథలకైతే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. బాబుకి కావలసింది కథలే కదా.

గుణుపురం మాస్టారు
అసలు సంగతి అడగడం మరిచాను. బాబుకి ఏ పుస్తకం ఇచ్చారు?

పర్లాకిమిడి నాన్న
మా నాన్నగారిది, నీతి పద్యాలూ తాత్పర్యాలూ. ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకం అదొక్కటే.

గుణుపురం మాస్టారు
అయ్యో బాబూ! మీ ఊళ్లోనే కదా గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠం చెబుతూ, పుస్తకాల్లో గ్రాంథికం వద్దు, జనం మాట్లాడే భాష ఉండాలని పోరాడింది. ఆ తాత్పర్యం పెద్దవాళ్లకే కొరుకుడు పడదు. గడియారం చూడక ఏం చేస్తాడు?

బరంపురం కోడలు
అదే గిడుగువారు సవర గిరిజన పిల్లలకు వాళ్ల సవర భాషలోనే వాచకాలు రాశారు మాస్టారూ. ఇంటి భాషలో చదువుండాలనే కదా. ఆయన నా పక్షమే! పుస్తకం మార్చమనండి, ఒప్పుకుంటాను. భాష మార్చమంటే ఒప్పుకోను.

గుణుపురం మాస్టారు
ఇద్దరి పక్షమూ అనుకుందాం తల్లీ. కానీ ఒడియా కథల పుస్తకం ఆపకూడదు. రెండూ చదవాలి, అరగంట లెక్క తీసేయాలి.

పర్లాకిమిడి నాన్న
మా ఆవిడకు ఇదంతా చదివి వినిపించాను. తెలుగు పది నిమిషాలు, ఆ తర్వాత వాడిష్టం అని తేల్చింది. ఫోన్ నా చేతిలోంచి తీసేసుకుంది. ఇక్కడ తెలుగు కథల పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

గుణుపురం మాస్టారు
నా అటక మీద పాత చందమామలు ఒక కట్ట ఉంది. వచ్చి తీసుకెళ్లండి. ముందు ఎండలో పరిచి దులపాలి, పురుగు పట్టింది. కొన్నిటికి అట్టలు లేవు.