సొంతంగా బిగించిన పీసీ ఆన్ కావట్లేదు: పోయింది ఎస్‌ఎంపీఎస్సా (పీసీకి కరెంటిచ్చే డబ్బా), మదర్‌బోర్డా?

అనంత_కుర్రోడు:
మాది అనంతపురం. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో సామాన్లన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించి నేనే బిగించాను. బటన్ నొక్కితే ప్రాసెసర్ ఫ్యాన్ అరచుట్టు తిరిగి ఆగిపోతుంది. మళ్ళీ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. బోర్డు మీద చిన్న లైటు మాత్రం వెలుగుతోంది. బోర్డు మార్చాలా?

టంకం_మామ:
లైటు వెలిగిందని ఎస్‌ఎంపీఎస్ బాగుందనుకోవద్దు. ప్లగ్ పెట్టి వెనక స్విచ్ వేస్తే చాలు, 5 వోల్టుల స్టాండ్‌బై ఎప్పుడూ వస్తుంది. ఆ లైటు దాంతోనే వెలుగుతుంది. ప్రాసెసర్‌కు కావాల్సిన 12 వోల్టులు బటన్ నొక్కాకే మొదలవుతాయి. నా బల్ల మీదికి వచ్చే డెడ్ కేసుల్లో ఎక్కువ ఎస్‌ఎంపీఎస్‌వే. మార్చెయ్.

కడప_కరెంట్:
ముందు ఎర్తింగ్ చూడప్పా. క్యాబినెట్ తాకితే జిల్లుమంటుందా?

అనంత_కుర్రోడు:
చెప్పుల్లేకుండా తాకితే కొంచెం.

కడప_కరెంట్:
చెప్పానా! ఎండాకాలం మన సీమ నేలలో తేమ ఎక్కడుంటుంది? ఎర్త్ గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి మూసేస్తే సరిపోదు, నీళ్ళు పోస్తూ ఉండాలి. మా ఇంట్లో మూడేళ్ళు ఎవరూ చెంబుడు నీళ్ళు పోయలేదు. టీవీ పోయింది, తర్వాత మోటార్ స్టార్టర్ పోయింది. ఇల్లు కట్టించినాయన్ని అడిగితే ఫోన్ ఎత్తడు.

కర్నూలు_కోడర్:
అన్నా, జిల్లు వేరు, ఇది వేరు. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్లు క్యాబినెట్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాగున్న మిషనూ జిల్లుమంటుంది. అది సరిచేయించాల్సిందే, కానీ ఈ జబ్బుకు మందు అది కాదు. అరచుట్టు తిరిగి ఆగిందంటే ఎక్కడో షార్ట్ ఉండి ఎస్‌ఎంపీఎస్ తనే కట్టేసుకుంటోందని నా అనుమానం. తమ్ముడూ, ప్లగ్ తీసేసి, బోర్డు నుంచి కనెక్టర్లన్నీ పీకి, 24 పిన్లదానిలో ఆకుపచ్చ వైరునూ నల్ల వైరునూ పేపర్ క్లిప్పుతో కలుపు. తర్వాత ప్లగ్ పెట్టి, బోర్డు లేకుండా ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే నడుస్తుందేమో చూడు.

అనంత_కుర్రోడు:
నా దాంట్లో వైర్లన్నీ నల్లవే!

కర్నూలు_కోడర్:
16వ పిన్ను. మాన్యువల్లో బొమ్మ ఉంటుంది.

అనంత_కుర్రోడు:
ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది.

టంకం_మామ:
లోడ్ లేకుండా ఎవడైనా పరిగెత్తుతాడు. మూట నెత్తిన పెట్టి చూడు.

కర్నూలు_కోడర్:
మీకు ప్రతి జబ్బూ ఎస్‌ఎంపీఎస్సే. మా ఊళ్ళో ఒక షాపాయన కూడా ఇట్లనే పోయిందని కొత్తది అంటగట్టాడు. ఇంటికొచ్చి పాతది వేస్తే బంగారంలా నడిచింది.

టంకం_మామ:
వచ్చిందిరా అసలు మాట. షాపోడంటే దొంగ. మొన్న ఒక పిల్లోడు ఆన్‌లైన్‌లో కొన్న బోర్డు తెచ్చాడు. గంటన్నర కూర్చుని ఫాల్టు పట్టిస్తే ‘థాంక్స్ అంకుల్’ అని లేచిపోయాడు. థాంక్సులు మూటగట్టి ఇస్తే అద్దె కింద జమ చేసుకుంటారా? కొనేది అక్కడ, చూపించేది ఇక్కడ.

అనంత_కుర్రోడు:
అంకుల్, నేను ముందు షాపులకే తిరిగాను. టవర్ క్లాక్ దగ్గర రెండు చోట్ల అడిగాను. అడిగిన ప్రాసెసర్ లేదు, ఉన్నది తీసుకోమన్నారు. మొత్తం మీద నాలుగు వేలు ఎక్కువ. నాలుగు వేలంటే నాకు రెండు నెలల ట్యూషన్.

ఉగ్గాణి_బజ్జి:
పిల్లోడి పీసీ సంగతి చూడండయ్యా ముందు.

కర్నూలు_కోడర్:
బోర్డు బయటికి తీసి అట్టపెట్టె మీద పెట్టి ఆన్ చెయ్. ప్రాసెసర్, ఫ్యాన్, ఒక ర్యామ్ చాలు. ప్రాసెసర్ దగ్గరి 8 పిన్ల వైరు మర్చిపోవద్దు.

అనంత_కుర్రోడు:
అట్టపెట్టె మీద నడిచింది!! క్యాబినెట్‌లో చూస్తే, బోర్డుకు రంధ్రం లేని చోట ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తి పట్టే చిన్న కాలు) ఒకటి నిలబడి ఉంది. బోర్డు వెనక టంకాలకు అదే తగిలినట్టుంది. తీసేసి మళ్ళీ బిగించాను, ఆన్ అయింది.

కడప_కరెంట్:
గుంతలో నీళ్ళు పోశావా?

టంకం_మామ:
టంకాలకు తగిలిందంటున్నావు, ఎస్‌ఎంపీఎస్‌ను ఒకసారి లోడ్ మీద చూడాలి. ఆదివారం షాపుకు తీసుకురా. డబ్బులు తీసుకుంటా, ముందే చెప్తున్నా.