వీబీస్క్రిప్ట్ తీసేస్తున్నారట, మా మిల్లు కాటా లెక్కలు దేనిలోకి మార్చుకోవాలి?

మండపేట_కాటా:
నమస్కారమండి. మండపేట దగ్గర ఒక రైసు మిల్లులో కంప్యూటర్ల పని నేనే చూస్తాను. వేబ్రిడ్జి సాఫ్ట్‌వేరు ప్రతి బండి బరువునూ పాత యాక్సెస్ డేటాబేసులో, అంటే ఎండీబీ ఫైల్లో రాస్తుంది. సాయంత్రం ఒక వీబీఎస్ ఫైలు (విండోస్‌లో నడిచే వీబీస్క్రిప్ట్ అనే పాత భాషలో రాసినది) మీద డబుల్ క్లిక్ చేస్తే తేదీ అడిగి, ఆ రోజు బళ్లన్నీ చదివి, ఖాళీ బండి బరువు, గోనెల బరువు తీసేసి, తేమ 17 శాతం దాటినవాటికి తరుగు వేసి, రైతు పేరున ఎక్సెల్ షీటు తయారుచేసి ప్రింటుకి పంపుతుంది. రాసిన గుమస్తాగారు రిటైరై పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. దాళ్వా ధాన్యం దిగే రోజుల్లో ఇది ఆగిందంటే రైతులు చీటీ కోసం మిల్లు దగ్గరే కూర్చోవాలండి. 2027 తర్వాత వీబీస్క్రిప్ట్ ఉండదంటున్నారు, నిజమేనా? పవర్‌షెల్లా, పైథానా, జావాస్క్రిప్టా?

కోడ్_కాకినాడ:
పైథాన్‌కి వచ్చేయండి. నేర్చుకోవడం తేలిక, ఎక్సెల్ ఫైళ్లు రాయడానికి ఓపెన్‌పైఎక్సెల్ అనే లైబ్రరీ ఉంది.

సర్వర్‌గది_వరంగల్:
ముందు తారీఖుల సంగతి చెప్తాను, కంగారు తగ్గుతుంది. వీబీస్క్రిప్ట్‌ను విరమిస్తున్నామని మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో చెప్పింది, 2024 మేలో దశలు ప్రకటించింది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి అది ఆప్షనల్ ఫీచర్, అంటే కావాలంటే తీసేయగల భాగం, ఇప్పటికైతే ఆన్‌లోనే ఉంటుంది. 2027 ప్రాంతంలో ఆఫ్‌లో ఉంచుతారు, కావాలంటే మనం ఆన్ చేసుకోవచ్చు. పూర్తిగా పీకేసే మూడో దశకి తేదీ ఇవ్వలేదు. అంటే మీకు ఒక పంటకాలం తీరిగ్గా పని చేసుకునే వ్యవధి ఉంది.

పైథాన్ మంచిదే, కాదనను. కానీ మీ పనికి నేను పవర్‌షెల్ 5.1 అంటాను. అది విండోస్‌తోనే వస్తుంది, కొత్తగా ఏదీ ఎక్కించక్కర్లేదు. రేపు కాటా గది కంప్యూటరు పాడై ఇంకోటి పెట్టినా ఫైలు కాపీ చేస్తే చాలు. పైగా వీబీఎస్ ఎక్సెల్‌ను ఎలా పిలిచేదో పవర్‌షెల్ కూడా అలాగే, కామ్ ఆబ్జెక్టుగా (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని నడిపే విండోస్ పద్ధతి) పిలుస్తుంది, ప్రింటు వరకూ అదే దారి. జావాస్క్రిప్ట్‌కి మారమనే సలహా వెబ్ పేజీల వాళ్లకి, మీకు కాదు.

నన్ను అడిగితే అసలు భయపడాల్సింది లెక్క దగ్గర. వీబీస్క్రిప్ట్‌లో వెనక్కి వాలిన గీతతో (\) భాగిస్తే 7ని 2తో భాగించినప్పుడు 3 వస్తుంది, మిగిలింది వదిలేస్తుంది. పవర్‌షెల్‌లో అదే భాగహారం చేసి ఇంట్‌గా (పూర్ణసంఖ్యగా) మారిస్తే 4 వస్తుంది. రౌండ్ చేయడం దగ్గరా జాగ్రత్త: 2.5ని వీబీస్క్రిప్ట్ 2 చేస్తుంది, పవర్‌షెల్ మ్యాథ్ రౌండ్ కూడా 2 అంటుంది, ఎక్సెల్ రౌండ్ ఫార్ములా మాత్రం 3 అంటుంది. ఎవరైనా "తరుగు లెక్క ఎక్సెల్ షీటులోకే మార్చేద్దాం" అన్నారనుకోండి, కిలో అటూ ఇటూ అవుతుంది. ఆ కిలో రైతుది. అందుకే కోడు ముట్టుకోకముందే గుమస్తాగారికి ఫోన్ చేసి, తరుగు ఎలా కట్టేవారో, ఎక్కడ వదిలేసేవారో మాటల్లో రాసిపెట్టుకోండి. ఆ నియమం ఇప్పుడు ఆ ఫైల్లో తప్ప ఇంకెక్కడా ఉండి ఉండదు.

ఇంకోటి, పాత ఫైల్లో పైన 'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్' ఉందేమో చూడండి. ఉంటే తప్పు జరిగినా చెప్పకుండా ముందుకు పోతోందన్నమాట. దాన్ని కొత్తదాంట్లోకి తేవద్దు. బరువు చదవలేకపోతే ఆగిపోయి చెప్పాలి, సున్నా వేసి ప్రింటు కొట్టకూడదు.

మీ ఎండీబీ జెట్ అనే పాత యాక్సెస్ డ్రైవరుతో తెరుచుకుంటుంటే అది 32 బిట్‌లోనే పనిచేస్తుంది. కాబట్టి సిస్‌వావ్64 ఫోల్డరులో ఉన్న 32 బిట్ పవర్‌షెల్‌తో నడపండి. మామూలు 64 బిట్ దాంట్లో నడిపితే ప్రొవైడర్ (అంటే ఆ డ్రైవరు) రిజిస్టర్ కాలేదని వస్తుంది. పవర్‌షెల్ కోడు ఉండే పీఎస్1 ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే అది నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది, నడవదు. డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ ఒకటి చేసిపెట్టండి.

మండపేట_కాటా:
చాలా సంతోషమండి. చిన్నగా మొదలుపెట్టి చూశాను. షీటు పైన "రైతు పేరు", "తేమ" అని తెలుగులో రావాల్సినవి పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి. పాతదాంట్లో బాగానే వచ్చేవి. ఇంకో సంగతి, మేనేజరుగారి ఎక్సెల్ మాక్రో రిఫరెన్సుల్లో వీబీస్క్రిప్ట్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ 5.5 (అక్షరాల నమూనాలు వెతికేది) అని టిక్ ఉంది. అదీ పోతుందా?

సర్వర్‌గది_వరంగల్:
పాత వీబీఎస్‌ను గుమస్తాగారు యూటీఎఫ్-16లో సేవ్ చేసి ఉంటారు. పవర్‌షెల్ 5.1కి మీ పీఎస్1 ఫైలును "యూటీఎఫ్-8 విత్ బామ్" అని సేవ్ చేయండి. బామ్ (ఫైలు మొదట్లో ఉండే గుర్తు) లేకపోతే దాన్ని పాత ఆన్సీ ఎన్‌కోడింగ్ అనుకుని చదువుతుంది. తెలుగువాళ్లకి ఇది తప్పకుండా తగిలేదే.

మాక్రో విషయం: వీబీఏ (ఎక్సెల్ మాక్రోల భాష) ఎక్కడికీ పోవడం లేదు. కానీ ఆ టిక్ వీబీస్క్రిప్ట్ డీఎల్ఎల్ ఫైలు మీద ఆధారపడింది. మైక్రోసాఫ్ట్ 365లో 2508 వెర్షన్ నుంచి రెజ్‌ఎక్స్‌ప్ (అవే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్) వీబీఏలోనే కలిపేశారు, ఆ వెర్షన్ ఉంటే టిక్ తీసేసి నడిపి చూడండి. మాక్రోల్లో వాడే ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్, డిక్షనరీ వేరే డీఎల్ఎల్‌లో ఉంటాయి, వాటికేం కాదు.

24హెచ్2 ఉన్న కంప్యూటరు ఒకటి, కాటా గదిది కాకుండా, తీసుకుని సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి వీబీస్క్రిప్ట్ ఇప్పుడే తీసేయండి. ఏవేవి ఆగుతాయో ఆ వారంలోనే తెలుస్తుంది, మళ్లీ పెట్టుకోవచ్చు. ఈలోగా తరుగు కట్టే భాగం వరకూ పాత కోడు ఇక్కడ పెట్టండి, రైతుల పేర్లుంటే తీసేసి. దాన్ని ఎలా మార్చాలో వరస వరసా చూద్దాం.