పైప్ బ్యాండ్‌లో చేరిన అబ్బాయికి వేణువు సాధన ఆపించాలా?

ఎడిన్‌బరో దగ్గరి ఒక మగపిల్లల బడిలో చదువుతున్న మా అబ్బాయి ఈ ఏడాది అక్కడి పైప్ బ్యాండ్‌లో చేరాడు. సంచిలో గాలి నింపి వాయించే బ్యాగ్‌పైప్ ఇంకా చేతికివ్వలేదు, సంచి లేని ప్రాక్టీస్ ఛాంటర్ అనే సాధన గొట్టం మీదే నేర్పుతున్నారు. వాడు అంతకుముందు నుంచే కర్ణాటక పద్ధతిలో వేణువు నేర్చుకుంటున్నాడు.

ఛాంటర్‌లో పలికేవి 9 స్వరాలే, అవి దాదాపు హరికాంభోజి రాగ స్వరాలకు దగ్గరగా ఉంటాయి. బ్యాగ్‌పైప్‌లోని 3 డ్రోన్లు (ఒకే స్వరాన్ని ఆగకుండా పలికే గొట్టాలు) మన శ్రుతిపెట్టెలా ఆధార షడ్జాన్ని పట్టి ఉంచుతాయి కనుక వాడికి శ్రుతిజ్ఞానం బాగానే అక్కరకొస్తుందని నా నమ్మకం. చిక్కు వేళ్ల దగ్గర వస్తోంది. సంచిలోని గాలి ఆగకుండా వస్తుంది కాబట్టి, ఒకే స్వరాన్ని వెంటవెంటనే రెండుసార్లు పలికించాలంటే మధ్యలో వేలు చటుక్కున ఎత్తి గ్రేస్ నోట్ (క్షణకాలం పలికే చిన్న స్వరం) వేయాలి. మావాడేమో వేణువు అలవాటుతో రంధ్రాన్ని సగం తెరిచి స్వరాన్ని జారుస్తున్నాడు, అది బ్యాండ్‌లో పనికిరాదని గురువుగారు పదేపదే దిద్దుతున్నారు.

రెండు వాద్యాలూ నేర్చినవారు గానీ, 1996 వరకు మగపిల్లలకే పరిమితమైన డన్‌బ్లేన్ క్వీన్ విక్టోరియా స్కూల్ వంటి చోట్ల పైపులు వాయించినవారు గానీ దయచేసి చెప్పండి: కొంతకాలం వేణువు ఆపించాలా, లేక వేర్వేరు వేళల్లో రెండూ సాధన చేయించవచ్చా? వాడికి రెండూ ప్రాణమే, అందుకే తొందరపడి ఏదీ మాన్పించలేకపోతున్నాను.